డెస్టినేషన్ పెళ్లి పచ్చగా ఉండాలంటే ముందు టికెట్ల లెక్క చూడాలి

విత్తనాల కాగితం మీద అచ్చు వేసిన శుభలేఖ, జనపనార సంచిలో రిటర్న్ గిఫ్టు, గుమ్మం దగ్గర చెక్క పలక మీద చేత్తో రాసిన వధూవరుల పేర్లు. ఈమధ్య ఈ మూడూ కనిపిస్తే చాలు, ఎకో ఫ్రెండ్లీ పెళ్లి అనేస్తున్నారు. ఆ పెళ్లి జరిగేదేమో ఉదయ్‌పూర్‌లో, హైదరాబాద్ నుంచి వెళ్లేది మూడు వందల మంది, అందరూ విమానంలోనే. శుభలేఖను కుండీలో పాతితే తులసి మొలుస్తుందో లేదో గానీ, ఆ ప్రయాణాల పొగ ముందు ఆ కార్డు ఆదా చేసిన కాగితం లెక్కలోకి కూడా రాదు.

లెక్క కష్టమేం కాదు. హైదరాబాద్ నుంచి ఉదయ్‌పూర్‌కు గాలిలో దూరం 950 కిలోమీటర్లకు అటూఇటూ, రానూపోనూ 1,900. విమానంలో ఒక మనిషికి కిలోమీటరుకు 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే (ఇది మొహమాటంగా వేసిన అంకె, ఎక్కువ వేసేవాళ్లే చాలామంది) తలకు 190 కిలోలు, మూడు వందల మందికి 57 టన్నులు. ఇప్పుడు ఇదే పెళ్లిలో అందరికీ కళ్లెదుట కనిపించే పొగ సంగతి చూద్దాం, అంటే జనరేటర్. ఒక మోస్తరు పెద్ద జనరేటర్ గంటకు 20 లీటర్ల డీజిల్ తాగుతూ రెండు రోజులూ రోజుకు పది గంటలు నడిచినా మొత్తం 400 లీటర్లు. లీటరుకు 2.7 కిలోల చొప్పున వేస్తే ఒక టన్ను దాటి కాస్త. వంటకు 19 కిలోల సిలిండర్లు ఇరవై ఖాళీ చేశారనుకున్నా ఇంకో టన్ను పైచిలుకు. రెండూ కలిపినా రెండున్నర టన్నులు దాటడం లేదు, ప్రయాణాలు 57 దగ్గర కూర్చున్నాయి.

అందుకే ఇలాంటి పెళ్లిని ప్లాన్ చేసేటప్పుడు అసలు నిర్ణయాలు రెండే రెండు: ఎక్కడ, ఎంతమంది. ఈ రెండూ ఖాయమైపోయాక చేసేవన్నీ మంచి పనులే, కానీ చిన్న పనులు. చిత్రమేమిటంటే ఈవెంట్ మేనేజర్ దగ్గరకు వెళ్లేసరికే చాలా ఇళ్లలో ఈ రెండూ తేలిపోయి ఉంటాయి, 'గ్రీన్ ప్యాకేజీ' అనే మాట ఆ తర్వాత వస్తుంది. ఆ ప్యాకేజీలో తరచుగా కనిపించే ఇంకో వరుస, అతిథి పేరున ఒక మొక్క. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి ఇరవై కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని సాధారణంగా వేసే అంచనా. అంటే ఆ 57 టన్నులు ఒక్క ఏడాదిలో తిరిగి పీల్చుకోవాలంటే 2,850 పెద్ద చెట్లు కావాలి. ప్యాకేజీలో నాటేది మూడు వందల మొక్కలే, అవీ చెట్లయ్యేది వేసవిలో నీళ్లు పోసే దిక్కు ఉంటేనే. మొక్కలు నాటవద్దని కాదు, దాన్ని టికెట్లకు పరిహారంగా చూపించవద్దని.

డెస్టినేషన్ పెళ్లి తరఫున ఒక వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. ఊళ్లో ఫంక్షన్ హాల్లో చేస్తే పదిహేను వందల మంది వస్తారు, బయటికి వెళితే రెండు మూడు వందలకు తగ్గుతుంది, కాబట్టి తిండి, చెత్త, ఏసీలు అన్నీ తగ్గుతాయి అంటారు. తగ్గేవే, ఆ తర్వాత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే పదిహేను వందల మందికి రిసెప్షన్ పెట్టకపోతే. మన ఇళ్లలో జరిగేది చాలావరకు రెండూనూ. ఉదయ్‌పూర్‌లో పెళ్లి, నాలుగో రోజున ఇక్కడ రిసెప్షన్, పిలవకపోతే నాన్న ఆఫీసు వాళ్లు ఏమనుకుంటారో, అత్తగారి ఊరివాళ్లు ఏమనుకుంటారో అని. అప్పుడు చిన్న పెళ్లి పెద్ద పెళ్లికి బదులుగా రాలేదు, దాని మీద అదనంగా వచ్చి కూర్చుంది. కాబట్టి ఇంట్లో తేల్చుకోవాల్సిన మొదటి మాట ఇదే, రిసెప్షన్ ఉంటుందా ఉండదా. ఉండి తీరాల్సిందే అయితే దూరం వెళ్లే జాబితాను యాభై అరవైకి కుదించడం నయం. అది మొహమాటం తెగే పనే, పెదనాన్న పిల్లల్ని పిలిచి చిన్నాన్న పిల్లల్ని పిలవకపోవడం ఎవరికీ సుఖం కాదు. అయినా ముందే 'ఇద్దరి తరఫునా ఇంటికి ఇద్దరే' అని ఒక గీత గీసి అందరికీ అదే చెబితే అలకలు తక్కువ.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్ల సంగతి వేరు. అంత దూరపు ప్రయాణం ఒక్క మనిషికే టన్నుల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు, అమ్మానాన్నల్ని చూడడానికి వాళ్లు ఎలాగూ వస్తారు. చేయగలిగింది ఒక్కటే, వాళ్లు దిగిన చోటి నుంచి మళ్లీ ఇంకో విమానం ఎక్కించకపోవడం, సెలవులు ఎలాగూ ఉండే రోజులకు ముహూర్తం చూసుకోవడం.

మరి దగ్గరలో ఎక్కడ? 2023 చివర్లో ప్రధాని విదేశాల్లో పెళ్లిళ్లు మాని దేశంలోనే చేసుకోండని పిలుపిచ్చాక అందరూ మళ్లీ రాజస్థాన్, గోవాల వైపే చూశారు గానీ, తెలుగువాళ్లకు రైలు దూరంలోనే నదీ, సముద్రమూ, కొండా మూడూ ఉన్నాయి. ఉదాహరణకు కోనసీమలో దిండి. వశిష్ఠ గోదావరి ఒడ్డు, చుట్టూ కొబ్బరితోటలు, పెళ్లిళ్లు చేయించే రిసార్టులు. హైదరాబాద్‌లో రాత్రి నర్సాపూర్ వెళ్లే రైలెక్కితే తెల్లవారాక పాలకొల్లులో దిగవచ్చు, అక్కడి నుంచి చించినాడ వంతెన దాటితే దిండే. రైలుకు కిలోమీటరుకు 30 గ్రాములు అనుకుని, రానూపోనూ 900 కిలోమీటర్లకు లెక్కేసినా మూడు వందల మందికి ఎనిమిది టన్నులు. 57 ఎక్కడ, ఎనిమిది ఎక్కడ. ప్లాస్టిక్ స్ట్రాలు మానేసి ఈ తేడా తెచ్చుకోవాలంటే ఎన్ని జన్మల పెళ్లిళ్లు కావాలో!

అంతమందికి ఒకే రైల్లో టికెట్లు దొరకవన్నది అసలైన టెన్షన్, ముఖ్యంగా మాఘ మాసంలో. దీనికి ఐఆర్‌సీటీసీలో ఫుల్ టారిఫ్ రేట్ అనే పద్ధతి ఉంది, బోగీ మొత్తం బుక్ చేసుకోవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ముప్ఫై రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టాలి, బోగీకి ఇంత అని డిపాజిట్ కట్టాలి. విడి టికెట్ల కంటే ఖరీదే. కానీ మూడు వందల విమాన టికెట్ల పక్కన పెట్టి చూస్తే అది ఖరీదుగా అనిపించదు, పైగా చుట్టాలంతా ఒకే బోగీలో పులిహోర పొట్లాలు విప్పుకుంటూ వెళ్లే రాత్రి అది, పెళ్లిసందడి స్టేషన్‌లోనే మొదలైపోతుంది. పాలకొల్లు నుంచి రిసార్టుకు కార్లు కాకుండా నాలుగైదు బస్సులు మాట్లాడుకుంటే సరిపోతుంది. రాజమండ్రికి విమానం ఉంది కదా అనే ఆలోచన ఎవరో ఒకరికి తప్పక వస్తుంది, పెద్దవాళ్లకూ మోకాళ్ల నొప్పులవాళ్లకూ దాన్ని వదిలి మిగిలినవాళ్లను రైలెక్కించడమే తెలివి.

దూరం తగ్గించాక వచ్చే ప్రశ్న, వెళ్లిన ఊరు మనల్ని మోయగలదా అని. ఇక్కడ ఔలీ సంగతి చెప్పుకోవాలి. 2019 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, దక్షిణాఫ్రికాలో వ్యాపారాలు చేసిన గుప్తా సోదరుల కొడుకుల పెళ్లిళ్లు రెండు జరిగాయి. అది హిమాలయాల్లో ఎత్తైన పచ్చిక మైదానం, శీతాకాలంలో స్కీయింగ్ చేసే చోటు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది, పర్యావరణానికి నష్టం జరిగితే సరిచేయడానికి 3 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని కోర్టు చెప్పింది, కాలుష్య నియంత్రణ మండలిని కనిపెట్టుకుని ఉండమంది. పెళ్లి అయ్యాక కొండ మీద మిగిలింది వందల క్వింటాళ్ల చెత్త. దాన్ని ఎత్తింది కింద ఉన్న జోషీమఠ్ పురపాలక సిబ్బంది. పనికి వచ్చిన కూలీలకు సరిపడా మరుగుదొడ్లు లేక ఆరుబయటకు వెళ్లారనీ, వానకు అదంతా కిందికి కొట్టుకుపోయే ప్రమాదం ఉందనీ కూడా అప్పట్లో బయటికి వచ్చింది.

ఇందులో అందరూ మాట్లాడింది పూల గురించీ ఖర్చు గురించీ. గమనించాల్సింది మాత్రం ఆ కూలీల మరుగుదొడ్ల విషయం. పెళ్లి ప్లాన్‌లో అతిథుల తలలే లెక్కేస్తారు. పందిరి కట్టేవాళ్లు, లైటింగ్ వాళ్లు, వంటవాళ్లు, వడ్డనవాళ్లు, డ్రైవర్లు, బ్యాండువాళ్లు, ఫోటోలవాళ్లు, వీళ్లంతా కలిస్తే మూడు వందల మంది పెళ్లికి ఇంకో వంద, నూట యాభై మంది సులువుగా తేలతారు. నాలుగు రోజుల ముందే దిగుతారు, అందరి తర్వాత వెళతారు. వాళ్లు ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ స్నానం చేస్తారు, ఏ ప్లేట్లలో తింటారు అన్నది కాంట్రాక్టులో ఉండదు. అతిథులకు రాగి గ్లాసులూ, షెడ్డు వెనక కూలీలకు కవర్లో కట్టిన సాంబారూ అయితే ఆ పెళ్లి పచ్చదనం ఫోటోల్లోనే ఉన్నట్టు.

అరకు లాంటి చోట్లకు ఇది సూటిగా వర్తిస్తుంది. డిసెంబరు, జనవరిలో మంచు చూడడానికి వచ్చే జనానికే అక్కడ గదులూ నీళ్లూ చెత్తబళ్లూ చాలవు, సరిగ్గా ఆ రోజుల్లోనే పెళ్లి పెట్టుకుంటే భారం రెట్టింపు. కొండ ఊళ్లో పెళ్లి అంటే వందలోపు మందితో, రద్దీ లేని నెలల్లో చేసుకోవాల్సింది. ఇక సముద్రతీరమైనా నదీతీరమైనా రిసార్టును చూడడానికి వెళ్లినప్పుడు మండపం లొకేషన్ చూసేలోపు మేనేజర్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: నీళ్లు బోరువా, ట్యాంకర్లవా, వాడిన నీటిని శుద్ధి చేసే ప్లాంటు పని చేస్తుందా లేక బోర్డు మాత్రమే ఉందా, చెత్త ఎక్కడికి వెళుతుంది. చివరి ప్రశ్నకు 'పంచాయతీ వాళ్లు తీసుకెళతారండీ' అనే జవాబు వస్తే అక్కడితో వదలకూడదు, పంచాయతీలో కనుక్కోవాలి. చిన్న ఊళ్లలో తడి చెత్త, పొడి చెత్త కలిపి ఏ కాలవ గట్టునో పోసి తగలబెట్టడం ఇంకా మామూలే. చట్టం కూడా దీని గురించి ఒక మాట అంది, ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో. లైసెన్సు లేని స్థలంలో వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలి, చెత్తను అక్కడే వేరు చేయించాలి. తోటలో, పొలంలో, బీచ్ పక్కన ఖాళీ జాగాలో పందిరి వేసుకునేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

బీచ్ అన్నాం కాబట్టి తాబేళ్ల సంగతి. మన తీరానికి, శ్రీకాకుళం, విశాఖ, కోనసీమ ఇసుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి మధ్య. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు కూడా సరిగ్గా అప్పుడే. గుడ్లు పొదగడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది, బయటికొచ్చిన పిల్లలు రాత్రిపూట ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి. మామూలుగా అయితే అది సముద్రం మీది వెలుతురు. తీరంలో ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటే అవి వెనక్కి, రోడ్డు వైపు, కుక్కల నోటికి వెళతాయి. ఆ నెలల్లో ఇసుక మీద పెళ్లి పెట్టుకోకపోవడం ఉత్తమం. పెట్టుకుంటే చీకటి పడేలోపు ముగించి లైట్లన్నీ ఆపేయాలి, ముందుగా అటవీ శాఖ వాళ్లతో మాట్లాడి చుట్టుపక్కల గూళ్లు ఉన్నాయేమో కనుక్కోవాలి.

పగటి ముహూర్తం అనగానే పంతులుగారు ఏమంటారో అని భయపడతారు. అడిగి చూస్తే ఏడాదిలో పగటి లగ్నాలు బాగానే దొరుకుతాయి. రాత్రి రెండింటికో మూడింటికో ముహూర్తం పెట్టుకుంటే వెయ్యి దీపాల అలంకరణ, రాత్రంతా జనరేటర్, రెండుసార్లు టిఫిన్లు, నిద్రకు గదులు, అన్నీ దాని వెంటే వస్తాయి. పైగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచే ఉంది. ఉదయం పదింటి లగ్నం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గోదావరి ఒడ్డున కబుర్లు. ఖర్చూ పొగా రెండూ తగ్గేది ఇక్కడే, డెకరేటర్ ఎప్పుడూ ఈ సలహా ఇవ్వడు, ఎందుకంటే అతని బిల్లులో ఎక్కువ భాగం లైట్లదే.

భోజనాల దగ్గర అందరూ ప్లేటు గురించి పట్టించుకుంటారు, ప్లేటులో మిగిలిపోయేదాని గురించి తక్కువ. యాభై అరవై రకాల బఫేలో ప్రతిదీ మూడు వందల మందికీ సరిపోయేలా వండాలి, ఎవరూ అన్నీ తినరు. కాబట్టి మిగలడం పొరపాటు కాదు, ఆ పద్ధతిలోనే ఉంది. పారేసిన అన్నం, కూరలు గాలి తగలని చెత్తకుప్పలో కుళ్లితే మీథేన్ వస్తుంది, వేడి పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా ఘాటు. హైదరాబాద్‌లో అయితే మిగిలిన భోజనం తీసుకెళ్లి పంచే స్వచ్ఛంద బృందాలు ఫోన్ చేస్తే వస్తాయి, కొత్త ఊళ్లో వాటిని పెళ్లికి ముందే వెతికి పెట్టుకోవాలి, అర్ధరాత్రి పన్నెండింటికి గుండిగలు చూస్తూ ఎవరికి ఫోన్ చేయాలా అనుకుంటే కుదరదు. అసలు మందు మాత్రం పదిహేను ఇరవై రకాలతో బంతి భోజనం. అరిటాకు వేసి అడిగి వడ్డించే బంతిలో 'చాలు చాలు' అని చెయ్యి అడ్డం పెట్టే అవకాశమైనా ఉంటుంది. కోనసీమలో అరిటాకులకు కొదవా! పనసపొట్టు కూర, పెరుగావడ, పూతరేకులు అక్కడి వంటవాళ్లకు చేయి తిరిగినవే. వాటిని వదిలేసి హైదరాబాద్ నుంచి నలభై మంది వంటవాళ్లను, లారీడు సరుకునూ తీసుకెళ్లి అక్కడ పాస్తా కౌంటర్ పెట్టడం ఏం సరదానో. ఉదయ్‌పూర్ వెళ్లినా సరే, ఉలవచారు, గోంగూర కోసం ఒక వంటమాస్టారు, ఇద్దరు సహాయకులు చాలు, కూరగాయలు ఆ ఊరి మార్కెట్లోవి కొనాలి.

ప్లేట్ల విషయంలో పేరు చూసి మోసపోకూడదు. పేపర్ ప్లేటు, పేపర్ కప్పు లోపలి పక్క సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది, మట్టిలో కలవదు. 'కంపోస్టబుల్' అని రాసిన మొక్కజొన్న ప్లాస్టిక్ కూడా వేడి బాగా ఉండే పెద్ద కంపోస్టు కేంద్రంలోనే కరుగుతుంది, పెళ్లి జరిగిన ఊళ్లో అలాంటిది ఉండదు. అరిటాకు, మోదుగాకు విస్తరి, పాడేరు, అరకు వైపు గిరిజన మహిళలు కుట్టే అడ్డాకుల విస్తళ్లు, వక్క పట్ట ప్లేట్లు, వీటిలో దగ్గర దొరికేది ఏదైనా మేలే. నీళ్ల కొరత లేని చోట స్టీలు కంచాలు అద్దెకు తెచ్చుకోవడం ఇంకా తేలిక. అన్నిటికంటే ముందు పోవాల్సింది మాత్రం పావు లీటరు నీళ్ల సీసా. మనిషికి రోజుకు పన్నెండు చొప్పున మూడు వందల మందికి రెండు రోజులకు 7,200 సీసాలు, అందులో సగం రెండు గుక్కలు తాగి వదిలేసినవే. అవే 1,800 లీటర్లు తొంభై నీళ్ల టిన్నుల్లో వస్తాయి, టిన్నులు వెనక్కి కూడా వెళతాయి. పక్కన స్టీలు గ్లాసులు, కడగడానికి ఇద్దరు మనుషులు. ఇదంత పెద్ద ఏర్పాటేం కాదు, హోదా తగ్గిందనుకుంటారేమో అన్న బెరుకు తప్ప.

అలంకరణలో కొట్టొచ్చినట్టు కనిపించని రెండు దొంగలున్నాయి. ఒకటి, కోసిన పూలు గుచ్చడానికి వాడే ఆకుపచ్చ స్పాంజి ఇటుక. చూడడానికి మట్టిముద్దలా ఉంటుంది గానీ అది ప్లాస్టిక్, పొడిగా రాలి నీళ్లలో కలుస్తుంది. రెండోది తలంబ్రాలు. బియ్యం, పసుపు స్థానంలో రంగుల థర్మాకోల్ బంతులు వచ్చి చేరాయి, ఫోటోల్లో బాగా ఎగురుతాయని. నది ఒడ్డున అవి ఎగిరి పడేది నీళ్లలోనే, ఏరడం ఎవరి వల్లా కాదు. నిజానికి అలంకరణకు థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. స్వీటు డబ్బాలకూ శుభలేఖలకూ చుట్టే ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు, ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు కూడా ఆ జాబితాలోవే. పూలకు దిండి దగ్గర పెట్టుకున్నవాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు, కడియపులంక పూల మార్కెట్ అదే గోదావరి సీమలో ఉంది. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరాలు, మామిడాకు తోరణాలు, అరటి బోదెలు, కొబ్బరాకు పందిరి. విదేశీ ఆర్కిడ్లు లేకపోతే పెళ్లి వెలవెలబోతుందని చెప్పేవాళ్లు తాటాకు పందిట్లో మధ్యాహ్నం నీడ ఎంత చల్లగా ఉంటుందో చూసి ఉండరు, దానికి ఏసీ టెంటు అక్కర్లేదు.

ఇవన్నీ అనుకోవడం తేలిక, జరిగేది మాత్రం కాగితం మీద రాసుకున్నదే. డెకరేటర్, కేటరర్, రిసార్టు ముగ్గురితో ఒప్పందంలో స్పాంజి ఇటుక, థర్మాకోల్, పేపర్ బ్లాస్టర్లు, పావు లీటరు సీసాలు ఉండవని విడివిడిగా రాయించాలి, 'ఎకో ఫ్రెండ్లీగా చేస్తాం' అనే ఒక్క వాక్యానికి విలువ లేదు. బిల్లులో పదో వంతు ఆపి, స్థలం ఖాళీ చేసి శుభ్రంగా అప్పగించాకే ఇస్తామని కూడా రాయాలి. ఇక్కడో చిక్కుంది. పెళ్లైన మర్నాడు పొద్దున్నే అందరూ అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం అంటూ బయల్దేరిపోతారు, వెనక పందిరి విప్పేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు, మేకులు, తీగలు, స్పాంజి ముక్కలు అన్నీ చెట్ల వెనక్కి నెట్టేసి లారీ ఎక్కుతారు. కాబట్టి వెనకాల ఉండి చూసుకునే బాధ్యత పెళ్లికొడుకు బాబాయికో, పెళ్లికూతురి మేనమామకో ముందుగానే అప్పజెప్పి, ఆయన తిరుగు టికెట్ అందరికంటే ఒక రోజు ఆలస్యంగా తీయాలి.